ఎవరూ తీసుకుపోని రాళ్ళు

ఆయన చివరి అక్షరం నుంచి వెనక్కి చెక్కుకుంటూ వస్తున్నాడు. ఎప్పుడూ అంతే. ముందు సుద్దముక్కతో పేరంతా రాసుకుంటాడు, నూలుదారం పట్టి వరస సరిచూస్తాడు, ఆ తర్వాత ఆ పేరును చదవడం మానేస్తాడు. చివరి అక్షరం మీద ఉలి ఆనించి, సుత్తితో చిన్న చిన్న దెబ్బలు వేస్తూ మొదటి అక్షరం వైపు జరుగుతాడు. వాళ్ళ నాన్న నేర్పిన పద్ధతి అది. పేరు చదువుకుంటూ చెక్కితే మనిషి గుర్తొస్తాడు, మనిషి గుర్తొస్తే చెయ్యి వణుకుతుంది అనేవాడు నాన్న. వెనక నుంచి వస్తే అక్షరం వట్టి గీతే, ఒక కొమ్మో, ఒక సున్నానో.

ఆ పొద్దున చెక్కుతున్నది బట్టల మిల్లు ఫోర్‌మన్ పేరు. ఇద్దరూ చిన్నప్పుడు ఒకే బడిలో ఒకే బెత్తంతో దెబ్బలు తిన్నవాళ్ళు. ఈ మధ్య దాకా ఫోర్‌మన్ దారినపోతూ షెడ్డు దగ్గర ఆగి, "నా వంతు ఎప్పుడు పెడతావ్?" అని హాస్యమాడేవాడు. ఇప్పుడు వంతు వచ్చింది. ఉలి మాత్రం ఎప్పటి వేగంతోనే నడుస్తోంది.

ఆ రేకుల షెడ్డు సమాధుల తోట గోడను ఆనుకుని ఉంటుంది. కుడి వైపు కొత్త పలకలు, ఎడమ వైపు గోడకు చేరేసిన పాత రాళ్ళు, మధ్యలో మడతపెట్టిన గోనెసంచి, దాని మీద ఆయన. ఊళ్ళో అందరూ రాళ్ళాయన అంటారు. అసలు పేరుతో పోస్టుమాన్‌కి తప్ప ఎవరికీ పనిలేదు. డెబ్భై దాటాయి. కుడి భుజం ఎడమదాని కంటే కిందికి దిగిపోయింది. ఎడమ బొటనవేలి గోరు సుత్తి దెబ్బలకు ఊడీ మొలిచీ, చివరికి విసుగెత్తినట్టు వంకరగా మొలిచి ఊరుకుంది. కనుబొమ్మల నిండా రాతి పొడి. భార్య ఉన్నన్నాళ్ళూ భోజనానికి కూర్చోబెట్టే ముందు తడిగుడ్డతో తుడిచేది. ఆమె పోయాక ఆయన ఆ సంగతి పట్టించుకోవడం మానేశాడు.

గుమ్మంలో వెలుతురు తగ్గింది. తలెత్తి చూస్తే నలభై దాటిన ఆడమనిషి, భుజాన సంచి, జుట్టు మీద బస్సు దుమ్ము.

"మావయ్యా, నేనండీ. మీతో ఫోన్లో మాట్లాడాను."

"కళ్ళజోళ్ళ దుకాణం అమ్మాయివి కదూ. రా. ఆ రాయి మీద కూర్చో, ఫర్వాలేదు. దాని మీద ఇంకా ఎవరి పేరూ చెక్కలేదు."

ఆమె ఆయన చెల్లెలి కూతురు. తల్లి పుట్టింట్లో ఉండగా పోయేనాటికి గోడ పట్టుకుని నిలబడటం నేర్చుకుంటున్న పిల్ల. తండ్రి తరఫు వాళ్ళు తీసుకుపోయి పెంచారు, ఆ తర్వాత రాకపోకలు లేవు. తల్లి గురించి ఆమె దగ్గర ఉన్నవన్నీ ఇతరుల మాటలే. మేనత్త పొడుగు మనిషి అంది, బాబాయి పొట్టి అన్నాడు. ఒకరు మహా మాటకారి అన్నారు, ఇంకొకరు నోట్లో నాలుక లేదన్నారు. చుట్టాలందరూ కలిసి ఆ పిల్లకు ముగ్గురు నలుగురు తల్లుల్ని తయారుచేసి పెట్టారు. ఒక్కరికీ ఆమెను ఎక్కడ పాతిపెట్టారో తెలియదు. ఈమధ్య తండ్రి కూడా పోయాడు. ఇక అడగడానికి మిగిలింది ఈ మేనమామ ఒక్కడే అనుకుని వచ్చింది.

రావడానికి తొందర కూడా ఉంది. ఊరి పక్కనుంచి పోయే రోడ్డును వెడల్పు చేస్తున్నారు. సమాధుల తోట పాత భాగం దాని కిందికి పోతుంది. రాతి మీద పేరుండి, దాని తాలూకు మనిషి ఎదురుగా నిలబడి మాదే అని చెబితే, ఆఫీసు మనిషి సున్నంతో గుర్తు పెడతాడు. గుర్తున్న సమాధిని తవ్వి కొత్త భాగానికి మారుస్తారు. పేరు లేకపోయినా, మనిషి లేకపోయినా దాని మీద రోడ్డే. రంగుతో రాసిన పేర్లు చెల్లవు, ఎందుకంటే మొదట్లో కొందరు తడి ఆరని రంగు చూపించి పక్కవాళ్ళ తాతల్ని కూడా కలిపేసుకున్నారు. గుర్తు పెట్టడానికి ఆ సాయంత్రమే ఆఖరు.

రాళ్ళాయనకు ఇదంతా తెలుసు. గోడ అవతల నెల రోజులుగా జరుగుతున్న తతంగమే. రాయి చేతికిచ్చేశాక తన పని అయిపోయిందనుకునే మనిషి ఆయన. పోయినవాళ్ళు ఎక్కడున్నా ఒకటే అని, అటు తొంగి కూడా చూడలేదు.

"ఇంకేం మావయ్యా, పేరును బట్టి వెతికేద్దాం," అంది మేనకోడలు.

ఆయన ఉలి కింద పెట్టాడు. "పేర్లు చూసి వెతికితే మనవాళ్ళు ఒక్కరూ దొరకరమ్మాయ్."

తర్వాత సంగతి చెప్పాడు. వాళ్ళ ఇంట్లో ఎవరికీ కొత్త రాయి వేయలేదు. కొత్త రాయి చెప్పి చేయించుకున్నవాళ్ళది. ఇంట్లో ఎవరైనా పోతే, ఎడమ గోడ దగ్గర ఎవరూ తీసుకుపోకుండా మిగిలినవాటిలో ఒకటి తీసి వేసేవారు. దాని మీద ఎవరి పేరుంటే ఏం? మనవాళ్ళు ఎక్కడున్నారో మనకు తెలీదా, పేరు పరాయివాళ్ళకు కదా కావాలి అనేవాడు వాళ్ళ నాన్న. తెలిసినవాళ్ళు కూడా ఒకరోజు పోతారన్న ఆలోచన, రోజూ ఆ పనే చేసే ఆ ఇంట్లో ఒక్కరికీ రాలేదు.

"మా నాన్న ఒక దర్జీ రాయి కింద ఉన్నాడు. మా అమ్మ ఒక బడిపంతులు కింద ఉంది. మీ అత్తయ్య అటవీశాఖ అధికారి కింద ఉంది."

"అధికారి కిందా?"

"ఆయనకు జబ్బు ముదిరిందని ఇంట్లోవాళ్ళు ముందే చెప్పి చేయించుకున్నారు. తీరా రాయి తయారయ్యాక ఆయన లేచి కూర్చున్నాడు. ఇంకేం మొహం పెట్టుకుని వస్తారు? మీ అత్తయ్య ఏళ్ళ తరబడి దాని మీద కూర్చునే బఠాణీలు ఒలిచేది."

మేనకోడలికి నవ్వొచ్చింది, మధ్యలోనే ఆగిపోయింది. "మరి అమ్మ?"

"అదే తెలీదు. అప్పుడు నేను ఊళ్ళో లేను. దూరంగా వంతెన కడుతుంటే రాతి పనికి వెళ్ళాను. కబురు అందేసరికి అన్నీ అయిపోయాయి. నాన్నను అడిగితే గోడ వైపు అన్నాడు, అంతే. మళ్ళీ ఆ మాట ఎత్తనివ్వలేదు."

"అంటే అమ్మకు కూడా ఎవరో వద్దనుకున్న రాయేనన్నమాట."

ఇన్నేళ్ళూ ఇంటి పద్ధతిని ఆయన పొదుపు అనుకున్నాడు, తెలివి కూడా అనుకున్నాడు. ఆ పిల్ల నోటి నుంచి వింటే మరోలా ఉంది. గుచ్చుకుంది. గోనెసంచి మీద నుంచి మోకాళ్ళు పట్టుకుని లేచాడు.

"పద, అక్కను అడుగుదాం."

"మరి ఈ రాయి?"

"వాడికేం తొందర లేదులే," అని ఫోర్‌మన్ మీద గుడ్డ కప్పాడు.

రాళ్ళాయన అక్క రెండు వీధుల అవతల, కిటికీ పక్కన మంచం మీద ఉంటుంది. కాళ్ళు పనిచేయడం మానేసిన దగ్గర నుంచీ వాటి పని కూడా నోరే చేస్తోంది. మేనకోడల్ని దగ్గరికి పిలిచి, గడ్డం పట్టుకుని మొహం వెలుతురులోకి తిప్పింది.

"ఇదేనా దాని పిల్ల? ముక్కు మాత్రం మన ముక్కేరా, పాపం."

తమ్ముడు వచ్చిన పని చెప్పాడు.

"నేనప్పుడు పచ్చి బాలింతని. తోట దాకా వెళ్ళనివ్వలేదు. ఎక్కడ పెట్టారో నాకేం తెలుసు? కానీ రాయి చూశాను. మన వాకిట్లోనే కదా నాన్న దాన్ని ముందేసుకుని కూర్చుంది."

"ఎవరి రాయి?"

"ఎవరిదేమిట్రా? దానిదే. నాన్న తనే క్వారీకి పోయి ఏరి తెచ్చాడు. ఒక్క పగులు లేదు, ఒక్క చార లేదు. పైన నున్నగా చేశాడు, అంచులు చేశాడు, ఆ తర్వాత తిరగేసి కింద కూడా మొదలుపెట్టాడు. మట్టిలో ఉండేదాన్ని ఎవరు చూస్తారు నాన్నా అన్నాను. అది చూస్తుందిగా అన్నాడు."

మేనకోడలు సంచి పట్టీని వేళ్ళకు చుట్టుకుంటూ ఉండిపోయింది. ముసలామె ఆమె చెయ్యి వదల్లేదు.

"పేరు చెక్కలేదా పెద్దమ్మా?"

"ఎక్కడా? సుద్దతో రాసేవాడు, ఉలి పట్టుకునేవాడు, మళ్ళీ తుడిచేసేవాడు. వెనక నుంచి మొదలుపెట్టి చూశాడు, అలాగూ కాలేదు. ఊరందరి పేర్లూ చెక్కిన మనిషికి చెయ్యి రాలేదు. చివరికి ఒట్టి రాయే మోయించుకుపోయాడు."

"ఇన్నేళ్ళూ నాకెందుకు చెప్పలేదక్కా?" రాళ్ళాయన గొంతులో కోపం ఉంది.

"నువ్వెప్పుడడిగావురా? వస్తావు, మోకాళ్ళ నొప్పి ఎలా ఉందంటావు, లేచి వెళ్ళిపోతావు. నా మోకాళ్ళతో తప్ప నాతో మాట్లాడిందెప్పుడు?"

పాత భాగంలో గోడ పొడవునా పేరు లేని పలకలు చాలానే ఉన్నాయి. సగం మట్టిలోకి దిగిపోయి, నాచు పట్టి, అన్నీ ఒకేలా ఉన్నాయి. రాళ్ళాయన తాపీతో ఒక పలక అంచు కింద మట్టి గీకాడు. మేనకోడలు బోర్లా పడుకున్నంత పని చేసి చెయ్యి లోపలికి పెట్టింది. గరుకు. పక్కదానికి వెళ్ళారు. అదీ గరుకే, చీమలు కూడా ఉన్నాయి. ఎండ నెత్తి మీదికి వచ్చింది. ఆమె మోచేతుల దాకా మట్టి, ఆయనకు నడుము పట్టేసింది. ఇంకొకటి చూశారు, ఇంకొకటి. ఎవరూ నడిచి చాలా కాలమైన మూలకు వచ్చారు. అక్కడ ఒక పలక మీద గడ్డి వేళ్ళు వల వేసినట్టు అల్లుకుపోయి ఉన్నాయి. వాటిని కోసి, కింద చెయ్యి పెట్టిన మేనకోడలు మళ్ళీ తియ్యలేదు.

"మావయ్యా," అంది.

ఆయన అవతలి అంచు నుంచి చెయ్యి పెట్టాడు. చల్లగా, పళ్ళెం అడుగులా నున్నగా ఉంది. రాయి కింద ఆయన వేళ్ళు ఎంత దూరం వెళ్ళగలవో అంత దూరం వెళ్ళాయి. ఎక్కడా ఉలి గాటు తగల్లేదు. వాళ్ళ నాన్న ఎవరికీ ఎప్పుడూ అలా చేసి ఇవ్వలేదు. మేనకోడలు చెంప రాతికి ఆనించి ఏడుస్తోంది. ఆయన అటు చూడకుండా, ఎండ ఎంత వాలిందో చూసుకున్నాడు.

"ఏడిస్తే ఏడిచావు గానీ నీళ్ళు తెచ్చి రాయి కడుగు. ఆ సున్నం మనిషి వచ్చేలోపు పేరు పడాలి."

గోనెసంచి, ఉలి, సుత్తి అక్కడికే తెచ్చుకున్నాడు. చెల్లెలిది పొట్టి పేరు కావడం అదృష్టం. సుద్దతో రాశాడు, దారం పట్టాడు. చివరి అక్షరం దగ్గర ఉలి ఆనించాడు, తీసేశాడు. జరిగి, మొదటి అక్షరం దగ్గర కూర్చున్నాడు. పేరును ఒకసారి పైకే చదివాడు. ఈసారి ముందు నుంచే మొదలుపెట్టాడు.

నాన్న చెప్పింది నిజమే. మొదటి అక్షరం సగంలో ఉండగానే మనిషి గుర్తొచ్చింది. చెయ్యి వణికింది కూడా. ఆయన ఆగి, చెయ్యి నిలకడపడేదాకా ఆగి, మళ్ళీ కొట్టాడు. దెబ్బకూ దెబ్బకూ మధ్య మాటలు వచ్చాయి. చెల్లెలు పొడుగూ కాదు, పొట్టీ కాదు. మగపిల్లల్లా ఈల వేసేది, ఇంట్లో తిడితే పెరట్లోకి పోయి వేసేది. కోపమొస్తే అన్న ఉలులు దాచేసేది. ఒకసారి పెద్ద ఉలి ఒకటి పోతే తండ్రి అన్నను బాదాడు, అది బియ్యం డబ్బాలో దొరికింది. పిల్ల పుట్టాక, "అన్నయ్యా, ఇది నాలాగా ఉండదు, బుద్ధిమంతురాలు" అని ఇంటికి కబురు పంపింది. మేనకోడలు రాతి పొడి ఊదేస్తూ కూర్చుంది. ఆయన కళ్ళజోడు చెమటకు మాటిమాటికీ జారిపోతుంటే, అడక్కుండా తీసుకుని, సంచిలోంచి సూదంత స్క్రూడ్రైవరు తీసి, కాడలు బిగించి, చీర కొంగుతో తుడిచి మళ్ళీ ఆయన మొహాన పెట్టింది.

"ఇంత తెల్లగా ఉంటుందా ఈ రాయి," అన్నాడు ఆయన.

నీడలు గోడ దాకా సాగాక సున్నం మనిషి వచ్చాడు. సైకిలు హ్యాండిల్‌కి బకెట్టు, బకెట్లో కుంచె. రోజంతా జనం చెప్పే వంశ చరిత్రలు విని విని మొహం వాడిపోయి ఉంది. రాళ్ళాయన ఆఖరి అక్షరం అంచు సరిచేస్తున్నాడు. సున్నం మనిషి వంగి వేలితో రుద్ది చూశాడు. వేలికి తెల్లటి పొడి అంటుకుంది.

"పెద్దాయనా, నిన్న ఇక్కడ పేరు లేదే?"

"ఇవాళ ఉంది. రంగు కాదు, చూసుకో."

"ఏమవుతారు?" అని మేనకోడలి వైపు తిరిగాడు.

"అమ్మ," అంది ఆమె. ఆ మాట ఒక రాయిని చూపిస్తూ చెప్పడం ఆమెకు అదే మొదటిసారి. గొంతు కొంచెం పెద్దదిగానే వచ్చింది.

కుంచె రాతి మూల మీద ఒక గీత గీసింది. సున్నం మనిషి సైకిలు తిప్పుకున్నాడు. దారిలో అటవీశాఖ అధికారి రాయి పక్కనుంచి పోతూ, "దీనికి ఎవరూ రాలేదు, పోనీలే," అని పైకే గొణిగాడు.

"ఆగు," అన్నాడు రాళ్ళాయన. ఉలి ఆసరాగా లేచి, తడబడుతూ వెళ్ళి ఆ రాయి ముందు నిలబడ్డాడు. "ఇది మాది."

"ఈయన మీకేమవుతాడు?"

"భార్య."

సున్నం మనిషి రాతి మీది పేరు చదివాడు, హోదా చదివాడు, రాళ్ళాయన మొహం చూశాడు. "పోయిన తేదీ కూడా లేదేంటి?"

"ఆయన పోలేదు. పోయింది మా ఆవిడ."

"అంటే ఈ పేరు..."

"పేరు నేనే చెక్కాను. మనిషిని నేనే పెట్టాను. పేరుండాలన్నారు, ఉంది. మనిషుండాలన్నారు, నేనున్నాను. ఇంకేం కావాలి నీకు?" రాళ్ళాయన అరిచినంత పని చేశాడు. "ఆ దర్జీ మా నాన్న. ఆ బడిపంతులు మా అమ్మ. వాళ్ళకూ పెట్టు."

పొద్దుటి దాకా పోయినవాళ్ళు ఎక్కడున్నా ఒకటే అనుకున్న మనిషి మాటలు అవి. సున్నం మనిషి బకెట్లోకి చూసుకున్నాడు. అడుగున ఇంకా కొంచెం సున్నం ఉంది. ఎలాగూ ఇంటికి మోసుకుపోయేది కాదు.

"ఎవరి పేరైతే నాకేం, మీది కాదని ఇంకొకరు రానప్పుడు," అని వరసగా గీతలు గీసుకుంటూ వెళ్ళిపోయాడు.

రాళ్ళాయన భార్య రాయి మీద కూర్చున్నాడు. చేతులు మణికట్ల దాకా తెల్లగా ఉన్నాయి. నవ్వుతున్నట్టే ఉన్నాడు.

"దాహంగా ఉందమ్మాయ్. షెడ్డులో కుండ ఉంది."

మేనకోడలు గ్లాసుతో తిరిగి వచ్చేసరికి ఆయన అక్కడే పక్కకు ఒరిగి, మోచెయ్యి తల కింద పెట్టుకుని పడుకుని ఉన్నాడు. అలసిపోయి కునుకు తీస్తున్నాడనుకుని, నీళ్ళు ఒలక్కుండా గ్లాసు పట్టుకుని ఆమె కాసేపు పక్కనే నిలబడింది. పిలిచింది. కళ్ళజోడు కదిపింది. ఆ తర్వాత గ్లాసు కింద పెట్టి, తన కొంగు తడిపి, ఆయన కనుబొమ్మల్లోని పొడిని తుడిచింది.

ఫోర్‌మన్ రాయిని పట్నంలో మెషీను పూర్తిచేసింది. ఊరంతా పేర్లు చెక్కిన మనిషికి ఊరు తరఫున కొత్త రాయి వేయిద్దామని కొందరు పెద్దలు ముందుకొచ్చారు. మంచం మీది అక్క ఒప్పుకోలేదు. "మన ఇంటి పద్ధతి ఒకటుంది," అంది. మేనకోడలు షెడ్డులో ఎడమ గోడ దగ్గరికి వెళ్ళింది. అక్కడ పనికొచ్చేది ఒక్కటే మిగిలింది. ఎవరో సంగీతం పంతులమ్మది. పేరు కింద ఏ వాక్యం వేయాలన్నదాని మీద ఆమె కొడుకులిద్దరికీ పేచీ వచ్చి, వేరేచోట చెరో రాయి చేయించుకున్నారట. మేనకోడలు దాని మీద ఏదీ చెరపనివ్వలేదు, ఏదీ కలపనివ్వలేదు. తిరగేయించి, కింది వైపు మాత్రం మెషీను వాడితో నున్నగా చేయించింది.

కొత్త భాగంలో ఇప్పుడు దర్జీ, బడిపంతులు, అటవీశాఖ అధికారి ఒక వరసలో ఉన్నారు. చివర్న ఒక ఆడపేరు, అది మాత్రం అసలుది. అధికారి పక్కన సంగీతం పంతులమ్మ. ఇంకెప్పుడైనా ఎవరైనా బకెట్టు పట్టుకుని వచ్చి ఈవిడ మీకేమవుతారని అడిగితే, మేనకోడలు "మేనమామ" అని చెప్పాలి. రాయికి ఎడమ మూల కొద్దిగా విరిగింది, పేరు కింద వాక్యం కోసం వదిలిన చోటు ఖాళీగానే ఉంది. అక్షరాలు మాత్రం ఆయనవే.